పాత రెక్కలకు క్రొత్త సత్తువ

క్రొత్త యింటిని కట్టినవానిని లోకము మెచ్చుకొనును. పాత యింటి వాసములను మార్చి, కురియుచున్న కప్పును బాగుచేసి, అందు మరి రెండు తరములవారు సుఖముగా కాపురముండునట్లు చేసినవానిని గూర్చి ఎవ్వరును మాట్లాడరు. అయినను రెండవవాని పనియే కష్టతరమైనదని అనుభవముగల వడ్రంగుల నడిగినచో తెలియును. క్రొత్తది కట్టువాడు తనకు తోచినట్లు కట్టుకొనవచ్చును. పాతదానిని బాగుచేయువాడు మొదట దానిని కట్టినవాని మనస్సును తెలిసికొనవలెను. ఏ దూలము బరువును మోయుచున్నదో, ఏది అలంకారమునకు మాత్రమే యున్నదో గుర్తింపవలెను. తొందరపడి యొక గుంజను పెరికినచో కప్పు నెత్తిమీద పడును.

ఈ మాట వడ్రంగమునకే కాక, కంప్యూటరుల కాలమున పుట్టిన ఒక వింత వ్యాసంగమునకును వర్తించును. నేలమీద కూర్చుండి, తెరమీద కనబడు ఆకాశములో విమానమును నడుపు వ్యాసంగమది. అందులకు సాధనమైన ఏర్పాటును ఫ్లైట్ సిమ్యులేటర్ అందురు. సిమ్యులేటరుతోపాటు వచ్చు విమానములు కొన్ని. అవి గాక, ఆసక్తిగలవారు వేరుగా తయారుచేసి దానికి చేర్చు విమానములు మరికొన్ని. ఈ రెండవ రకమువానిని యాడ్ ఆన్‌లు అందురు. ఏనాడో ఒకరు శ్రమపడి చేసిన బిజినెస్ జెట్ యాడ్ ఆన్ నొకదానిని తీసికొని, దానిని నేటి సిమ్యులేటరునకు తగినట్లు బాగుచేయుటకు కొందరు పూనుకొందురు. చూచువారికిది పిల్లలాటగా తోచును. కాని లోతునకు దిగి చూచినచో, నిజమును వెదకువానికి ఎంత ఓర్పు కావలెనో, పెద్దల శ్రమయందు ఎంత గౌరవముండవలెనో ఇంత చక్కగా నేర్పు పని మరియొకటి సులభముగా దొరకదు.

నేలను విడువకయే ఎగురుట నేర్చుకొనవలెనను కోరిక ఈనాటిది కాదు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రమున బింగ్‌హామ్‌టన్ అను పట్టణము కలదు. అచ్చట ఎడ్విన్ లింక్ అనువాని తండ్రికి పియానోలను, ఆర్గన్ వాద్యములను తయారుచేయు కర్మాగారముండెను. ఎడ్విన్‌కు విమానము నడుపుట యందు మక్కువ. కాని ఆ పాఠములకగు వ్యయము మిక్కిలి యధికము. అతడు ఆర్గన్ వాద్యములలో గాలి నింపు తిత్తులను, పంపులను తీసికొని, 1929 నాటికి పెట్టెవంటి చిన్న విమానమొకటి తయారుచేసెను. అది నేలను విడువదు. కాని చోదకుడు కడ్డీని కదల్చినపుడు తిత్తులలోనికి గాలి వచ్చుచు పోవుచుండుటచే ఆ పెట్టె ప్రక్కలకు ఒరుగును, ముక్కు నెత్తును, దించును. మొదట జనులు దానిని వేడుక వస్తువుగనే చూచిరి. 1934లో అమెరికా సైన్యమునకు విమానములమీద తపాలా మోయు పని వచ్చెను. మబ్బులలోను, మంచులోను, చీకటిలోను పరికరములను మాత్రమే చూచి నడుపుట అలవాటులేక పలువురు సైనిక చోదకులు కొలది వారములలో మరణించిరి. అప్పుడుగాని సైన్యమునకు లింక్ పెట్టె విలువ తెలియలేదు. ఆ యేడే ఆరు యంత్రములను కొనిరి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున లక్షలకొలది చోదకులు అట్టి పెట్టెలలోనే మొదటి పాఠములు నేర్చిరి.

తిత్తుల స్థానమును పిమ్మట కంప్యూటరు లెక్కలు ఆక్రమించినవి. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున చదివిన బ్రూస్ ఆర్ట్‌విక్ అను యువకుడు, విమానగమనమును కంప్యూటరు తెరమీద చూపు విధమును గూర్చి 1975లో సిద్ధాంతవ్యాసము వ్రాసెను. ఆ కృషియొక్క ఫలముగనే ఇండ్లలో వాడు చిన్న కంప్యూటరులకు ఫ్లైట్ సిమ్యులేటర్ వచ్చెను. 1982లో మైక్రోసాఫ్ట్ సంస్థ పేర అది వెలువడెను. 1988 నాటి మూడవ రూపమున లియర్‌జెట్ అను బిజినెస్ జెట్ అందు చేరెను. 1997 నాటి రూపమున చేరిన లియర్‌జెట్ 45 అను క్రొత్త తరగతి విమానము 2006 నాటి రూపమునను కొనసాగెను. ప్రపంచములో ఎందరో బాలురు, బాలికలు తమ జీవితమున మొదట నడిపిన జెట్ విమానము ఈ తెరమీది లియర్‌జెట్టే. దానితో తృప్తిపడక, ఆ వంశములోని పూర్వ విమానములను తమ చేతులతో తయారుచేసి చేర్చినవారును కలరు.

నిజమైన లియర్‌జెట్ చరిత్రయే పాతదానిని బాగుచేసిన చరిత్ర యగుట గమనింపదగినది. దానికి కర్తయైన విలియమ్ లియర్ 1902లో మిస్సోరీ రాష్ట్రమందలి హానిబల్ పట్టణమున జన్మించెను. ఎనిమిదవ తరగతి దాటి అతనికి క్రమమైన బడి చదువు సాగలేదు. అయినను రేడియో విద్యను స్వయముగా అభ్యసించి, కారులో పెట్టదగిన రేడియోను రూపొందించుటలో పాలుపంచుకొనెను. జెట్ విమానములను తమంత తాము నడచునట్లు చేయు పరికరమును నిర్మించి 1949వ సంవత్సరపు కోలియర్ బహుమతిని పొందెను. స్విట్జర్లాండు దేశీయులు పీ-16 అను యుద్ధవిమానమొకటి తయారుచేసిరి. అది 1955లో మొదట ఎగిరెను. ప్రమాదములు జరిగిన మీదట 1958లో ఆ దేశప్రభుత్వము కొనుగోలును రద్దుచేసెను. లోకము విడిచిపెట్టిన ఆ విమానమున లియర్ ఒక మేలిగుణమును చూచెను. దాని రెక్కల నిర్మాణమును ఆధారముగా గైకొని, కొలదిమంది ప్రయాణికులను వేగముగా చేర్చు చిన్న జెట్‌ను రూపొందించెను. కాన్సాస్ రాష్ట్రమందలి విచిటా నగరమున 1963 అక్టోబరు 7వ తేదీన అది మొదట గాలిలోనికి లేచెను. మరుసటి సంవత్సరము జూన్ నెలలో ప్రభుత్వ పరీక్షలు జరుగుచుండగా ఆ మొదటి విమానమే నేలగూలి నాశమయ్యెను. అదృష్టవశమున ఎవరికిని ప్రాణహాని కలుగలేదు. లియర్ అధైర్యపడలేదు. 1964 జూలై 31వ తేదీన రెండవ విమానముతో అనుమతి పొందెను.

ఆ వంశములో కడపటి క్రొత్త విమానము 2022లో కొనినవారి చేతికి పోయెను. అంతటితో లియర్‌జెట్ల తయారీ ముగిసెను. మొదటి లియర్‌జెట్లు నేడు ఆకాశమున అరుదు. కాలము గడచినకొలది వాని నడకను ఎరిగిన చోదకులును తగ్గుచుందురు. కాబట్టి వాని లక్షణములను నిజమునకు దగ్గరగా నిలిపిన తెరమీది విమానము వేడుక వస్తువు మాత్రమే కాదు. ఒక జ్ఞాపకమును భద్రపరచు భరిణె. ఆ భరిణెయందు తప్పు వస్తువును పెట్టినచో, రాబోవు తరమువారికి ఆ తప్పే చరిత్రయగును.

తెరమీది విమానమునకు ముసలితనమెట్లు వచ్చును? దానికి తుప్పు పట్టదు, రేకులు అరుగవు. అయినను దానిచుట్టునున్న లోకము మారుచుండును. పూర్వము సిమ్యులేటరులు 32 బిట్ల కంప్యూటరు లెక్కలలో నడచెడివి. తరువాతి వానిలో పెక్కులు 64 బిట్ల పద్ధతికి మారినవి. పాత పద్ధతిలో తయారైన గడియారపు ముఖములవంటి పరికరములు క్రొత్తదానిలో పనిచేయవు. వాని చోట నల్లని గుంతలు మాత్రము మిగులును. ఆకాశమార్గముల సమాచారమును విమానయాన లోకము ప్రతి 28 దినములకొకసారి క్రొత్తదిగా ప్రకటించును. పాత విమానములోని పట్టిక మాత్రము నాడు వ్రాసినచోటనే ఆగియుండును. చిన్న తెరలకై గీసిన బొమ్మలు పెద్ద తెరమీద అలికినట్లు కనబడును. వీనికన్న లోతైన లోపము మరియొకటి కలదు. నాటి కంప్యూటరుల శక్తి చాలకయో, సమాచారము దొరకకయో, తొలి కర్త కొన్ని లెక్కలను ఉజ్జాయింపుగా వేసియుండును. విమానము చూపునకు లియర్‌జెట్టే, నడకలో మరేదియో.

ఒక యువకుడు అట్టి పాత లియర్‌జెట్ నొకదానిని బాగుచేయ బూనుకొనెననుకొనుడు. అతని మనస్సు మొదట పరుగెత్తునది రంగులవైపునకే. నిగనిగలాడు పూత, రెక్కమీద సూర్యకాంతి, తోలు కుర్చీలు, తలుపు మూసిన చప్పుడు - ఇవన్నియు చూచువారిని వెంటనే ఆకర్షించును. స్నేహితులు సెబాసనుట కివి చాలును. కాని నడకను సరిదిద్దక మెరుగులు దిద్దుట పైన పటారము, లోన లొటారము అను సామెతకు తార్కాణమగును. అంతేకాదు, అందమైన అబద్ధము వికారమైన అబద్ధముకంటె ప్రమాదకరము. బొమ్మ ముతకగా నున్నపుడు చూచువాడు దానిని అంతగా నమ్మడు. బొమ్మ నిజమువలె నున్నపుడు దాని నడకను గూడ నిజమేయని నమ్మును.

కావున వివేకముగలవాడు రంగుల పెట్టెను ప్రక్కకు పెట్టి, మొదట పాత విమానమునకు మార్పు చేయని ప్రతి నొకదానిని వేరుగా భద్రపరచును. పిమ్మట దానిని పలుమారులు నడిపి, దాని గుణదోషములను పుస్తకమున వ్రాసికొనును. అసలు విమానమును నడుపువారికై తయారైన గ్రంథమును సంపాదించి, అందలి అంకెలను శ్రద్ధగా చదువును. ఏ బరువున ఎంత వేగముతో నేల విడువవలెను, ఎంత యెత్తున గంటకు ఎంత ఇంధనము వ్యయమగును, రెక్కల తట్టలు దించినపుడు వేగమెంత తగ్గవచ్చును - ఈ ప్రశ్నలకు జవాబులు ఆ గ్రంథమునందే దొరకును. ఊహకును నిజమునకును నడుమ తీర్పరి ఆ గ్రంథమే.

అన్నిటికంటె ముందు బరువు సరిచూడవలెను. అంకె సరిగానున్నను పౌండ్లను కిలోగ్రాములని భ్రమించినచో బరువు రెట్టింపునకు మించును. బరువెంతయో తెలిసినంత మాత్రమున చాలదు. అది ఎక్కడ నున్నదో తెలియవలెను. కావడి మోయువానిని చూచినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. రెండు బిందెలను భుజమునకు దగ్గరగా కట్టినచో అతడు చప్పున తిరుగగలడు. అవే బిందెలను కావడిబద్ద కొనలకు కట్టినచో తిరుగుట ఆరంభించుటయు కష్టమే, తిరిగిన పిమ్మట ఆగుటయు కష్టమే. పూర్వపు లియర్‌జెట్లకు రెక్కల కొనలయందు ఇంధనపు తొట్లుండెడివి. అవి నిండియున్నపుడు విమానము ప్రక్కకు ఒరుగుటకు మందముగా కదలును. ఒరిగిన పిమ్మట నిలుచుటకును ఆలసించును. దీనిని భౌతికశాస్త్రమున జడత్వ భ్రామకమందురు. పాత యాడ్ ఆన్‌లో ఆ బరువునంతయు నడుమనే ఉంచినట్లు లెక్క వేసియున్నచో, తెరమీది లియర్‌జెట్ పిచ్చుకవలె గిరుక్కున తిరుగును. ఆడువారికి అది హాయిగనే యుండును. కాని అది లియర్‌జెట్ కాదు.

తరువాత రెక్కల బలము. విమానమును గాలిలో నిలుపుటకు కావలసిన కనీస వేగము దాని బరువుతోపాటు పెరుగును. కాని సమానముగా పెరుగదు, బరువుయొక్క వర్గమూలము ననుసరించి పెరుగును. ఒక విమానము 10,000 పౌండ్ల బరువున 100 నాట్ల వేగమువరకు గాలిలో నిలువగలదనుకొనుడు. బరువు 12,100 పౌండ్లయినచో ఆ హద్దు 110 నాట్లగును. బరువు నూటికి 21 వంతులు పెరుగగా వేగము నూటికి 10 వంతులే పెరిగెను. యువకుడు తెరమీది విమానమును ఒకసారి ఖాళీగాను, ఒకసారి నిండుగాను నడిపి ఈ లెక్క సరిపోవుచున్నదా యని చూడవలెను. ఎనిమిదవ తరగతి గణితములోని వర్గమూలము అచ్చట ఆకాశమున పనికివచ్చుట చూచి అతడు సంతోషించును.

పిమ్మట వచ్చునది గాలి ప్రతిరోధము. ఇది రెండు విధములు. మొదటిది విమానపు ఒడలు గాలిని చీల్చుకొనిపోవుటవలన కలుగునది. వేగము హెచ్చినకొలది హెచ్చును. రెండవది రెక్కలు బరువును మోయుటవలన కలుగునది. వేగము తగ్గినకొలది ఇది హెచ్చును. ఈ రెంటికి ఎదురుగా ఇంజనులు ముందుకు త్రోయు బలముండును. 51,000 అడుగుల వరకు ఎగురుటకు అనుమతి పొందిన లియర్‌జెట్లు కలవు. అంత యెత్తున గాలి పీడనము సముద్రమట్టమున నుండుదానిలో సుమారు తొమ్మిదవ వంతు మాత్రమే. అచ్చట ఇంజనులు నేలమీద చూపిన బలమును చూపజాలవు. మిక్కిలి తక్కువ వేగమునకును మిక్కిలి ఎక్కువ వేగమునకును నడుమ చోదకునకు మిగులు చోటు ఇరుకైపోవును. పాత యాడ్ ఆన్ ఈ ఇరుకును చూపకపోయినచో, ఆ యెత్తున అసలు చోదకుడు ఎంత జాగరూకుడై యుండెనో దానిని నడుపువానికి తెలియదు.

ఇచ్చట ఒక చిక్కు కలదు. రెండు తప్పులు కలిసి ఒక ఒప్పుగా కనబడుట లోకమున పలుచోట్ల జరుగును. తొలి కర్త ప్రతిరోధమును కొంత తక్కువగా వేసి, దానికి సరిపడునట్లు ఇంజనుల బలమునుగూడ తగ్గించియుండవచ్చును. అప్పుడు సమగమనమున వేగము గ్రంథములో నున్నట్లే చూపును. పరీక్షించువాడు సరియేయని తృప్తిపడును. కాని బలము తక్కువైనచోట ఇంధనవ్యయమును తక్కువగును. దాని ఫలితమేమో చిన్న లెక్కతో తెలియును. తొట్టిలో సరిగా మూడు గంటలకు చాలు ఇంధనమున్నదనుకొనుడు. తెరమీది విమానము నిజమైనదానికంటె పదవ వంతు తక్కువ త్రాగినచో, అదే ఇంధనము మూడు గంటల ఇరువది నిమిషములు వచ్చినట్లు చూపును. ఆ ఇరువది నిమిషములు లేని కాలము. అసలు విమానమున ఆ కాలమును నమ్ముకొన్నవాడు దిగుటకు చోటు చూచుకొనక ముందే ఇంజనుల చప్పుడు ఆగిపోవును.

యువకుడు ఈ దోషమును కనిపెట్టి ఇంజనుల బలము నొక్కదానిని సరిదిద్దెననుకొనుడు. వెంటనే రెండవ తప్పు బయటపడి, విమానము మితిమీరిన వేగముతో పరుగెత్తును. అంతవరకు బాగుగా నున్నదానిని తానే చెడగొట్టితినని అతడు భయపడును. అధైర్యముగలవాడు ఇచ్చటనే వెనుకకు మరలి పాత అంకెనే మరల వ్రాయును. ధైర్యముగలవాడు మాత్రము ఈ చెడుటయే నిజమునకు దారి యని గ్రహించి, ప్రతిరోధపు లెక్కను గూడ సరిచేయును. ఒకసారి ఒక్క అంకెనే మార్చవలెను. మార్చినదానిని తేదీతో వ్రాసికొనవలెను. మరల నడిపి చూడవలెను. ఒకేసారి పది అంకెలను మార్చినవానికి, విమానము బాగుపడినను ఎందువలన బాగుపడినదో తెలియదు. చెడినను ఎందువలన చెడినదో తెలియదు. నిదానమే ప్రధానమని పెద్దలన్నది ఇట్టి పనులను ఎరిగియే.

ఇంత శ్రమ ఎందులకు, ఇది ఆటయే కదా యని కొందరందురు. ఇంటి సిమ్యులేటరు చోదకుల శిక్షణకు బదులు కాదనుట నిజమే. కాని అనుకరణము చేయు ప్రతి యంత్రమునకు ఒకటే ధర్మము: చేతికి అలవాటు చేయించునది నిజమై యుండవలెను. పెద్ద శిక్షణయంత్రములయందే ఈ ధర్మమునకు కొరత ఏర్పడినపుడు ఏమి జరుగునో లోకము చూచెను. 2009 ఫిబ్రవరి 12వ తేదీ రాత్రి అమెరికాలో బఫెలో నగరమునకు సమీపమున ఒక ప్రయాణికుల విమానము వేగము కోల్పోయెను. రెక్కలు బరువు మోయజాలని ఆ స్థితిని స్టాల్ అందురు. అప్పుడు ముక్కును దించి వేగమును తెచ్చుకొనవలెను. హెచ్చరిక మ్రోగగనే చోదకుడు కడ్డీని తనవైపునకు లాగెను. ముక్కు పైకి లేచెను. విమానములోని 49 మందియు, నేలమీద నొకరును మరణించిరి.

విచారణ సందర్భమున బయటపడిన సంగతులలో నొకటి శిక్షణను గూర్చినది. అంతవరకు చోదకులకు స్టాల్ దరికి పోవుటవరకే అభ్యాసము చేయించెడివారు. ఆ హద్దు దాటిన పిమ్మట విమానమెట్లు ప్రవర్తించునో చూపుటకు కావలసిన లెక్కలు శిక్షణయంత్రములలో చాలినంతగా లేవు. 2010లో అమెరికా చట్టసభ శిక్షణను మెరుగుపరుపవలెనని శాసనము చేసెను. పూర్తి స్టాల్‌ను అభ్యసింపజేయవలెనని 2013లో నియమము వచ్చెను. అందులకు తగినట్లు శిక్షణయంత్రముల లెక్కలను సవరింపవలెనని 2016లో మరియొక నియమము వచ్చెను. 2019 నాటికి ఆ శిక్షణ అమలులోనికి వచ్చెను. చూడుడు! క్రొత్త యంత్రములను కనిపెట్టుటచే గాదు, ఉన్నవానిలో లోపించిన నిజమును చేర్చుటచే అచ్చట మేలు కలిగెను. ఇంటి గదిలో ఒంటరిగా కూర్చుండి పాత లియర్‌జెట్ లెక్కను దిద్దుకొను యువకుని పనియు, ఆ నిపుణుల పనియు పరిమాణమున వేరు, స్వభావమున ఒక్కటే.

ఇక ధర్మమునకు సంబంధించిన సంగతి యొకటి మిగిలియున్నది. పాత విమానము ఎవరిది? దానిని తొలుత చేసినవాడు రాత్రులు మేలుకొని గీతలు గీసియుండును. అతడు తన విమానముతోపాటు ఒక చిన్న పత్రమును జతపరచి, దీనిని ఎవరెట్లు వాడుకొనవచ్చునో అందు వ్రాసియుండుట వాడుక. మార్పుచేయువాడు ముందుగా చదువవలసినది ఆ పత్రమునే. అనుమతి యడుగుమని యున్నచో అడుగవలెను. వలదని యున్నచో మానవలెను. కొందరు మరియొక మంచి మార్గమును అవలంబింతురు. తొలి కర్త వస్తువును తాము పంచక, తాము చేసిన సవరణలను మాత్రమే వేరుగా ఇత్తురు. అసలు వస్తువును ధర్మముగా సంపాదించుకొన్నవాడే ఆ సవరణలను వాడుకొనగలడు. ఎట్లయినను తొలి కర్త పేరును తుడిచి తన పేరు వ్రాసికొనుట దొంగతనమే. వాసములు మార్చినవాడు ఇల్లు తనదనరాదు.

తాళపత్ర గ్రంథములను పరిష్కరించు పండితులు ఈ మర్యాదను ఎన్నడో పాటించిరి. పురుగు తిన్నచోట అక్షరమును ఊహింపవలసివచ్చినపుడు, ఇతర ప్రతులతో పోల్చి చూచి, ఇది మూలము, ఇది పాఠాంతరము, ఇది మా సవరణ యని వేరుగా చూపెడివారు. తన కవిత్వమును మూలకవి నోట పెట్టినవాడు ఎంత పండితుడైనను పరిష్కర్త యనిపించుకొనడు. విమానపు లెక్కలకును ఇదే నీతి. గ్రంథమునుండి తీసికొన్న అంకె యేది, పరీక్షలమీద నిర్ణయించిన అంకె యేది, కేవలము ఊహ యేది - ఈ మూటిని విడివిడిగా వ్రాసి ఉంచినవాడే తరువాతి వానికి మేలు చేయును. ఏలయనగా నేటి సవరణయు రేపటికి పాతదే. పదేండ్లు గడచిన పిమ్మట మరియొకడు దానిని విప్పి చూచును. వానికి దారి తెలియునట్లు దీపము పెట్టి పోవలెను.

ఇట్టి శ్రమకు లోకమున గుర్తింపు లేకపోలేదు. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటరు యొక్క క్రొత్త రూపము 2020లో వెలువడెను. అందు సెస్నా సైటేషన్ సీజే4 అను బిజినెస్ జెట్ కలదు. దాని ఆకారము సుందరమే. కాని దారి చూపు పరికరములు మొదలగువానిలో కొరతలుండెను. వర్కింగ్ టైటిల్ అను పేర కొందరు ఔత్సాహికులు కూడి, ఆ లోపములను సవరించి, ఆ సవరణలను అందరకును ఉచితముగా ఇచ్చిరి. 2021లో ఆ బృందమును సిమ్యులేటరు తయారుచేయువారే తమతో కలుపుకొనిరి. వారు క్రొత్త విమానమును సృష్టింపలేదు. ఉన్నదానిని ఉండవలసినట్లు చేసిరి, అంతే.

పని ముగిసినదని యువకుడు తలచిన దినమున చేయవలసిన పరీక్ష యింకొకటి కలదు. తాను నడిపి చూచుట చాలదు. తన చేతికి తన తప్పులు అలవాటై యుండును. ఎరుగనివాని కొకనికి ఇచ్చి, ఏమియు చెప్పక, నడుపుమని దూరముగా కూర్చుండవలెను. ఆ క్రొత్తవాడు తడబడినచోట ఇతడు వాదింపక వ్రాసికొనవలెను. సరిచేయుటకు వీలులేని లోపము మిగిలినచో దానిని దాచక, ఇది యింకను సరిగా లేదని పత్రమున స్పష్టముగా తెలుపవలెను. లోపమును తెలిపినంత మాత్రమున వస్తువునకు విలువ తగ్గదు. దానిని నమ్మువారికి ఎంతవరకు నమ్మవచ్చునో తెలియును.

పాఠశాలలలో చదువుకొను బాలబాలికలలో కొందరకు ముందు ముందు కంప్యూటరులతోడను, యంత్రములతోడను పని పడును. మరికొందరకు పొలముతో, మగ్గముతో, లెక్కల పుస్తకముతో, పాత గ్రంథములతో పని పడును. ఎవరికైనను తొలుత చేతికి వచ్చునది ఇతరులు చేసి విడిచిన పనియే. దానిని చూచి నవ్వుట సులభము. కొట్టివేసి క్రొత్తది మొదలుపెట్టుట ఉత్సాహకరము. దానిని చదివి, కొలిచి, అందలి మంచిని నిలిపి, తప్పును ఒక్కొక్కటిగా తీసివేయుట మాత్రము కష్టము. స్విట్జర్లాండు విడిచిన రెక్కలను లియర్ అట్లు చదివినందుననే అవి లోకమంతట ఎగిరెను.